చెరువుకో క్యాలెండర్, యూనివర్సిటీకో క్యాలెండర్

చి. అమ్మాయికి,

చైతన్యపురి నుంచి మీ పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

పర్యావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ సీటు వచ్చిందనీ, సూర్యాపేట బస్సు ఎల్బీనగర్‌లో దిగి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో చేరబోతున్నావనీ మీ అమ్మ చెప్పినప్పటి నుంచి పెద్దమ్మకు కాలు నిలవడం లేదు. ఫోన్లో చెబితే సగం మాటలు గాలికి పోతాయి. అందుకే ఉత్తరం.

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఎటు చూసినా హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లే. నీ గదిలో ఉండబోయే మిగతా పిల్లలకు నోటిఫికేషన్ ఎప్పుడో, పరీక్ష ఎప్పుడో, ఫలితం ఎప్పుడో ఎవరో ఒకరు ప్రకటిస్తారు. పీహెచ్‌డీలో చేరినవాళ్లకు అట్లా తేదీలు చెప్పేవాళ్లుండరు. మొదటి ఏడాది సెలవులా అనిపిస్తుంది, నాలుగో ఏడాదికి నిద్ర పట్టదు. పెద్దమ్మ కళ్లారా చూసిన తెలివైన పిల్లలు చాలామంది చిక్కుకున్నది ఇక్కడే.

ముందు నిబంధనలు. యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, 2022 నవంబరులో పీహెచ్‌డీకి కొత్త నియమావళి తెచ్చింది. అడ్మిషన్ తేదీ నుంచి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. ఆపైన రీ-రిజిస్ట్రేషన్‌తో మరో 2 ఏళ్ల వరకు ఇవ్వొచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో 2 ఏళ్ల సడలింపు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం మీద 240 రోజుల వరకు. పెళ్లయ్యో మరో కారణానో అమ్మాయి వేరే ఊరు వెళ్లాల్సి వస్తే, పరిశోధన డేటాను అక్కడి విశ్వవిద్యాలయానికి బదిలీ చేసుకోవచ్చు. కానీ ఆ పని ఏ నిధుల సంస్థో మంజూరు చేసిన ప్రాజెక్టులోది కాకూడదు. ఈ షరతును టాపిక్ ఖాయం చేసుకునే ముందే చదువుకో. ఇంట్లో సంబంధాల మాట మొదలయ్యాక చదివితే లాభం లేదు.

కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు. అందులో పరిశోధన, ప్రచురణ నైతికత మీద ఒక కోర్సు తప్పనిసరి. 55 శాతం మార్కులు రావాలి. అదేమీ కొండ కాదు, దాటేస్తావు. పరిశోధక పత్రం ప్రచురించి తీరాలన్న 2016 నాటి షరతును యూజీసీ 2022లో తీసేసింది. అయినా ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయం సొంత నిబంధనలు పెట్టుకుంటుంది కాబట్టి, చేరిన వారంలోనే పీహెచ్‌డీ సెక్షన్‌కు వెళ్లి, నీ బ్యాచ్‌కు వర్తించే నిబంధనల కాపీ అడిగి తీసుకో. సీనియర్లు చెప్పేది వాళ్ల బ్యాచ్ సంగతి.

ఇప్పుడు అసలు విషయం. చరిత్రలో పరిశోధన చేసేవాళ్లు పాత కాగితాలు ఈ నెల కాకపోతే వచ్చే నెల చూసుకోవచ్చు. చెరువు నీళ్ల మీద పని చేసేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. వానకు ముందు మే నెల నీళ్లు మే నెలలోనే దొరుకుతాయి. ఆ నెల చేజారితే మళ్లీ ఏడాది ఆగాలి.

లెక్క వేసి చూడు. జనవరిలో చేరిన అమ్మాయికి కోర్సువర్క్ జూన్‌కి అవుతుంది. పరిశోధన ప్రణాళిక (సినాప్సిస్) రాసి, ఆర్‌ఏసీ ముందు, అంటే పరిశోధన సలహా సంఘం ముందు పెట్టి ఆమోదం తెచ్చుకునేసరికి ఆగస్టు. అప్పటికి వానలు సగం అయిపోయాయి. వానకు ముందూ వాన తర్వాతా అంటూ రెండేళ్ల డేటా పూర్తిగా కావాలంటే మూడో ఏడాది చివరిదాకా చెరువు గట్టునే ఉండాలి. ఆపైన విశ్లేషణ, రాత, ప్రీ-సబ్మిషన్. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000 రూపాయలు ఇస్తున్నారు. రెండూ కలిపి ఐదేళ్లే. ఒక్క మే నెల పోయిందంటే ఆ ఐదేళ్లలో ఒక ఏడాది ఖర్చయినట్టు. కాబట్టి కోర్సువర్క్ నడుస్తున్న మొదటి మే నెలలోనే, థీసిస్‌లో పనికొచ్చినా రాకపోయినా, చెయ్యి తిరగడం కోసమైనా ఒక విడత శాంపిళ్లు తియ్యి. మొదటి సమావేశంలో గైడును అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే: ‘సార్, ఈ మేలో ట్రయల్ శాంప్లింగ్ మొదలుపెట్టమంటారా?’

మన పక్కనే ఉన్న సరూర్‌నగర్ చెరువు సంగతే తీసుకో. 1626లో తవ్వించారని చెప్పే చెరువు. ఎగువన మీర్‌పేట వైపు చెరువుల నీళ్లు గొలుసుకట్టుగా దిగి ఇందులో చేరతాయి, ఇది నిండితే మూసీకి పోతాయి. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు ఈ చెరువు కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. భాద్రపదంలో వినాయక నిమజ్జనాలు, ఏడాది పొడవునా మురుగు, దాని వెంటే గుర్రపు డెక్క. ఇన్ని సంగతులున్న చెరువును పట్టుకుని ‘హైదరాబాద్ చెరువుల కాలుష్యం’ అని టాపిక్ పెడితే ఎక్కడ మొదలుపెట్టాలో గైడుకూ తెలియదు, నీకూ తెలియదు. ‘నిమజ్జనానికి ముందు, తర్వాత, మూడు పాయింట్లలో అడుగు మట్టిలోని లోహాలు’ అన్నావనుకో, ఏ నెలలో ఎక్కడ నిలబడాలో ఆ ప్రశ్నే చెబుతుంది.

అక్కడ నిలబడ్డాక ఏమవుతుందో కూడా చెబుతా. 300 మిల్లీలీటర్ల గాజు సీసా, గాజు మూత. రబ్బరు గొట్టం సీసా అడుగుదాకా దించి, నీళ్లు మెల్లగా నిండి పొర్లిపోయేదాకా వదలాలి. ఒక్క బుడగ కూడా లోపల మిగలకూడదు. అక్కడే, గట్టు మీదే, మాంగనీస్ సల్ఫేటు, ఆ తర్వాత క్షార అయొడైడు ద్రావణం వేసి మూత బిగించి తలకిందులుగా తిప్పాలి. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి మేఘంలా దిగుతుంది. తెల్లగానే ఉండిపోయిందా, ఆ నీళ్లలో ఆక్సిజన్ లేనట్టే. ఆ తెల్లరంగు మొదటిసారి చూసిన రోజు పెద్దమ్మకు అన్నం సహించలేదు. నాచు పట్టిన చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటి ఉంటుంది, మధ్యాహ్నం ఎండకు పొంగుతుంది. అందుకని ప్రతిసారీ ఒకే వేళకు వెళ్లాలి. నీళ్లలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పే బీఓడీ పరీక్ష సీసాలను మన దేశపు ప్రమాణం ప్రకారం 27 డిగ్రీల దగ్గర 3 రోజులు పెడతారు కదా, అంటే గురువారం తెచ్చిన శాంపిల్‌కు ఆదివారం రీడింగ్ తీయాలి. ఆదివారం ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంటుంది? ఇది శాస్త్రమూ కాదు, నిబంధనా కాదు. కానీ చాలామంది డేటా పోయేది ఇట్లాంటి చోటే. అందుకే శాంపిల్ సోమవారమో మంగళవారమో తీసుకురా.

గైడు సంగతికి వద్దాం. యూజీసీ లెక్క ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే గైడుగా ఉండవచ్చు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు సర్వీసున్నవాళ్లు కొత్త స్కాలర్లను చేర్చుకోకూడదు. కాబట్టి గైడును ఎంచుకునే అవకాశం ఎంత కొద్దిగా ఉన్నా, రిటైర్మెంట్ సంవత్సరం, ఖాళీల సంఖ్య తెలుసుకుని వెళ్లు. ఇంకో దారి కూడా ఉంది. దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లను శోధ్‌గంగలో పెడతారు, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే భాండాగారం అది. ఆ గైడు దగ్గర ఇంతకుముందు చేసినవాళ్ల థీసిస్‌లు తెరిచి చూడు. కొన్ని రికార్డుల్లో రిజిస్ట్రేషన్ తేదీ, డిగ్రీ వచ్చిన తేదీ ఉంటాయి. ఎన్నేళ్లు పట్టిందో తెలిసిపోతుంది. కృతజ్ఞతల పేజీ కూడా చదువు. గైడు వాళ్లతో పాటు ఫీల్డుకు వెళ్లారా, రాతప్రతి దిద్దారా, లేక సంతకం మాత్రమే పెట్టారా అన్నది ఆ పేజీలో దాగదు.

మన విషయం ఒక్క శాఖలో ఇమిడేది కాదు. యూజీసీ కూడా అంతర్విభాగ పరిశోధనకు బయటి నుంచి కో-సూపర్‌వైజర్‌ను అనుమతిస్తుంది. 1999లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఎం.వి.నాయుడు కేసు గుర్తుందా? ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల దగ్గర నూనె ఫ్యాక్టరీ పెట్టవచ్చా అన్నది వివాదం. చెరువు చుట్టూ 10 కిలోమీటర్ల రక్షణ, రసాయన ప్రమాదం, ముందు జాగ్రత్త సూత్రం అన్నీ ఒకే గదిలోకి వచ్చాయి. శాస్త్రం తెలిసిన నిపుణులు కూర్చునే పర్యావరణ న్యాయస్థానాలు కావాలని కోర్టే అంది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. నీ చెరువు లెక్కలు కూడా ఎప్పుడైనా అట్లాంటి గదిలోకి వెళ్లవచ్చు. అందుకే జలశాస్త్రం తెలిసినవాళ్లో చట్టం తెలిసినవాళ్లో ఒకరు కో-గైడుగా ఉండటం మంచిది. ఆ అభ్యర్థన మొదటి ఏడాదిలోనే పెట్టు.

గైడుతో బంధం ఎంత బలంగా ఉన్నా, ఎవరి పని ఎవరిదన్నది కాగితం మీద ఉండాలి. ఇందుకు మన భీమవరం మనిషే ఉదాహరణ. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశాడు. ద్రావణంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరి పేర్లతో ప్రచురించారు. చెరువుల్లో గుర్రపు డెక్కను పెంచేవాటిలో భాస్వరం ఒకటి కదా. ఇవాళ నీళ్ల ల్యాబుల్లో భాస్వరాన్ని కొలిచే నీలిరంగు పరీక్షకూ దానికీ మూలసూత్రం ఒకటే. సుబ్బారావుకు 1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్కే బయటికి రానివ్వలేదనీ, వాటిని తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందనీ అదే విభాగంలో చదివిన నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. సుబ్బారావు అంతటి వాడికే అట్లా జరిగింది. నీ ల్యాబ్ నోటుబుక్కులో ప్రతి పేజీకి తేదీ వెయ్యి. పత్రం రాయడానికి ముందే రచయితల పేర్ల వరుస అడుగు. అడగడం అమర్యాద అవుతుందని వెనకాడకు.

మీ పెద్దమ్మ కథ చిన్నది. నేను ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ చేసినప్పుడు మూడో శాంప్లింగ్ పాయింటుకు దారి మూసేశారు. గైడు ‘వదిలెయ్యమ్మా, రెండు చాలు’ అన్నారు. సరేనన్నాను. ఏడాదిన్నర తర్వాత పరిశోధన సలహా సంఘంలో ఒకరు, సినాప్సిస్‌లో మూడు పాయింట్లున్నాయే, మార్పుకు ఆమోదం ఏదీ అన్నారు. గైడుకు ఆ మాట గుర్తులేదు. అబద్ధమాడలేదు, నిజంగానే గుర్తులేదు. కాగితం లేదు. ఇంకో వేసవి గట్టు మీదే గడిచింది.

నువ్వట్లా కాకుండా, గైడును కలిసిన ప్రతి సాయంత్రం నాలుగు వరుసల మెయిల్ పెట్టు. ‘సార్, నమస్కారం. ఇవాళ మీరు చెప్పినట్టు మూడో పాయింటు మారుస్తున్నాను. కొత్త పాయింటు కట్ట దగ్గరి తూము. వచ్చే ఆర్‌ఏసీలో ఈ మార్పు పెడతాను. పొరపాటుంటే చెప్పగలరు.’ అంతే. యూజీసీ ప్రకారం స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి ఆర్‌ఏసీ ముందుకు వెళ్లి పని చూపాలి. పని సరిగా లేకపోతే సంఘం కారణాలు రాసి, సరిదిద్దుకోవాల్సినవి చెప్పాలి. అప్పటికీ సరిచేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు కూడా సిఫార్సు చేయవచ్చు. అట్లాంటి సంఘం ముందుకు ఖాళీ చేతులతో వెళ్లకు. కనీసం ఒక గ్రాఫ్, ఒక సందేహం పట్టుకుని వెళ్లు. సందేహం తెచ్చిన పిల్లకు పెద్దలు సాయం చేస్తారు. ‘అంతా బాగానే ఉంది సార్’ అన్న పిల్లను ప్రశ్నలతో గుచ్చుతారు. మినిట్స్ కాపీ తీసుకో. ఏ దరఖాస్తు ఇచ్చినా రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకో.

వనస్థలిపురంలోని హరిణ వనస్థలి మీద పనిచేయాలని ఉందని అప్పుడెప్పుడో అన్నావు. కృష్ణజింకలున్న చోటు, మంచి ఆలోచనే. కానీ అది జాతీయ పార్కు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పరిశోధనకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. విశ్వవిద్యాలయం నిబంధనల పుస్తకంలో ఆ పేజీ ఉండదు. దరఖాస్తు సినాప్సిస్‌తో పాటే పెట్టు.

రాత విషయం. యూజీసీ 2018 నియమాల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి, 40 దాటితే ఇంకా పెద్దవి. పద్ధతుల అధ్యాయంలోనే చాలామంది దొరికిపోతారు, సీనియర్ పేరాను అట్లాగే దించేసి. గట్టు మీద నువ్వు చేసింది నీ మాటల్లో రాస్తే ఆ భయమే ఉండదు.

వచ్చే వారం సామాను సర్దుకుని వచ్చెయ్యి. ఎల్బీనగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్ తర్వాత చైతన్యపురి. అన్నం తిని, సాయంత్రం చెరువు గట్టుకు నడుద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ

తా.క. అల్మారాలో మూడు బీఓడీ సీసాలు, ఒక ఐస్‌బాక్స్ తుడిచి పెట్టి ఉంచాను. ఒక సీసా మూత అంచు కొంచెం పెచ్చు లేచింది, దాంట్లో శాంపిల్ పట్టకు, బుడగ దూరుతుంది.