రాక్షసి బల్లులు ఎట్లా పోయాయి?

రాక్షసి బల్లుల మాట మీరు వినే ఉంటారు. పిల్లల పుస్తకంలో బొమ్మ చూసి ఉంటారు. టీవీలో సినిమా వస్తుంటే, ఇంత పెద్ద జంతువు మనుషుల వెంటబడి తరమడం చూసి ఉంటారు. ఇంగ్లీషులో వాటిని డైనోసార్లు అంటారు. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు అది. భయంకరమైన బల్లి అని దాని అర్థం.

సినిమాలో చూపించేది ఒకటి మాత్రం అబద్ధం. మనుషులూ రాక్షసి బల్లులూ ఒక్కరోజు కూడా కలిసి బతకలేదు. అవి పోయిన ఎంతో కాలానికి గానీ మనిషి పుట్టలేదు.

ఎంత కాలానికి? అంకె చెబితే చాలా పెద్దది. నోరు తిరుగుతుంది గానీ మనసుకు అందదు. అందుకని నడిచి చూద్దాం. మీ ఇంటి గడప దగ్గర నిలబడండి. అది ఈరోజు. అక్కడినుంచి వెనకటి కాలంలోకి నడుద్దాం. ఒక్కో అడుగుకు లక్ష ఏళ్ళు అని లెక్క పెట్టుకోండి.

అశోక చక్రవర్తి కాలం ఎక్కడ? గడపకు వేలి వెడల్పు దూరంలోనే! ఇంకా అడుగు ఎత్తనే లేదు. మూడు అడుగులు వేస్తే 3 లక్షల ఏళ్ళు. మనలాంటి మనుషులు భూమి మీదికి వచ్చింది సుమారుగా అప్పుడే. అంటే మొత్తం మానవజాతి కథ మీ వాకిలి దాటలేదు. ఇంక నడవండి. 660 అడుగులు వేయాలి. అక్కడ చివరి రాక్షసి బల్లులు కనిపిస్తాయి. అంటే అవి చచ్చిపోయి 6 కోట్ల 60 లక్షల ఏళ్ళు అయ్యింది. మొదటి రాక్షసి బల్లులు చూడాలంటే 2,300 అడుగులు వేయాలి. ఊరి పొలిమేర దాటి ఒక మైలు దూరం పోతారు. అంటే 23 కోట్ల ఏళ్ళు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి. 2,300వ అడుగునుంచి 660వ అడుగు దాకా భూమి వాటిదే. 16 కోట్ల ఏళ్ళకు పైగా బతికాయి. మనం మూడు అడుగుల వాళ్ళం. "అవి తెలివిలేనివి, అందుకే పోయాయి" అని కొందరు అంటారు. ఆ మాట తప్పు.

అన్నీ తాటిచెట్టంత ఎత్తున్నవి కూడా కాదు. కోడంత ఉన్నవీ ఉన్నాయి, ఏనుగుకు పదింతలు ఉన్నవీ ఉన్నాయి. కొన్ని ఆకులూ కొమ్మలూ తినేవి. కొన్ని వాటిని చంపి తినేవి. అన్నీ గుడ్లు పెట్టేవే.

"ఎవరు చూశారని చెబుతున్నారు?" అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. ఎవరూ చూడలేదు. ఎముకలు చెప్పాయి. జంతువు చచ్చి ఏటి ఒడ్డున పడింది అనుకోండి. వరద వచ్చి దానిమీద ఒండ్రు వేసింది. మాంసం కుళ్ళిపోయింది. ఎముకలు బురద కింద మిగిలాయి. ఏటేటా మట్టి పేరుకుంది. నీళ్ళలో కరిగిన ఖనిజాలు ఎముక సందుల్లోకి దిగి గట్టిపడ్డాయి. కొన్ని లక్షల ఏళ్ళకు ఎముక ఆకారం అట్లాగే ఉండి రాయి అయింది. దాన్ని శిలాజం అంటారు. ఏ పొరలో దొరికిందో, ఆ పొర వయసు ఎంతో లెక్క కడితే, ఆ జంతువు ఎప్పటిదో తెలుస్తుంది.

అటువంటి ఎముకలు మన దగ్గరా దొరికాయి. ప్రాణహిత, గోదావరి కలిసే ప్రాంతంలో ఒకప్పుడు రాక్షసి బల్లులు మందలుగా తిరిగాయి. అక్కడ 1960 ప్రాంతంలో కలకత్తానుంచి భారత గణాంక సంస్థ వాళ్ళు వచ్చి తవ్వితే పెద్ద పెద్ద ఎముకలు దొరికాయి. ఆ జంతువు 40 అడుగుల పైన పొడవు ఉండేది. ఆకులు తినేది. దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బరపా అంటే పెద్ద కాలు. 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ పుట్టి నూరేళ్ళు నిండిన సంవత్సరం. అందుకని ఆయన పేరు కూడా కలిపారు.

తెలంగాణలో యామనపల్లి అనే ఊరి దగ్గర ఇంకొక రకం దొరికింది. ఒకటి కాదు, సుమారు డజను జంతువుల ఎముకలు! భూగర్భ శాఖలో పనిచేసిన పి. యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు 1988లో దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన పల్లెటూరి పేరు ప్రపంచంలోని శాస్త్ర పుస్తకాలన్నిటికీ ఎక్కింది. ఆ ఎముకలను కూర్చి నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాదులో బిర్లా సైన్సు కేంద్రంలో ఉంది. పట్నం పోయినప్పుడు పిల్లలకు చూపించండి. ఈ జంతువులు మన లెక్కలో సుమారు 1,800వ అడుగు దగ్గరివి. (సింగరేణి బొగ్గు వీటికన్నా పాతది. రాక్షసి బల్లులు పుట్టకముందు పెరిగిన అడవులే ఆ బొగ్గు.)

ఎముకలే కాదు, గుడ్లూ దొరికాయి. మధ్యప్రదేశ్‌లో నర్మదా లోయలో 92 గూళ్ళు, 256 గుడ్లు దొరికాయని 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వాళ్ళలో గుంటుపల్లి ప్రసాద్ గారు ఒకరు. ఒక్కో గుడ్డు చిన్న కొబ్బరికాయంత ఉంది. అదే సంవత్సరం ధార్ జిల్లాలో ఇంకొక సంగతి పేపర్లలో వచ్చింది. అక్కడ పాడల్యా అనే ఊళ్ళో రైతులు పొలంలో దొరికిన గుండ్రటి రాళ్ళను తాతల కాలంనుంచీ దేవుడిగా కొలుస్తున్నారు. పొలాన్ని, పశువులను ఆ దేవుడు కాపాడతాడని నమ్మకం. శాస్త్రజ్ఞులు వచ్చి చూసి అవి రాక్షసి బల్లి గుడ్లు అన్నారు. ఆ రైతులను చూసి నవ్వే పని లేదు. రాళ్ళను పగలగొట్టి పారేయకుండా కొలవబట్టే కదా అవి మిగిలాయి!

సరే. ఇంతకాలం బతికినవి ఎట్లా పోయాయి?

1980 దాకా దీనికి ఎవరి ఊహ వాళ్ళది. ఆ సంవత్సరం అమెరికాలో లూయీ అల్వరేజ్, ఆయన కొడుకు వాల్టర్, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సంగతి బయటపెట్టారు. ఇటలీ దేశంలో ఒక కొండ పక్కన సున్నపురాయి పొరల మధ్య వేలెడు మందం కూడా లేని మట్టి పొర ఉంది. సరిగ్గా 660వ అడుగు నాటి పొర. అందులో ఇరిడియం అనే లోహం ఉండవలసిన దానికన్నా ఎంతో ఎక్కువ ఉంది. ఆ లోహం భూమి పైపొరలో చాలా అరుదు. ఆకాశంనుంచి పడే రాళ్ళలో ఎక్కువ. అటువంటి మట్టి పొర తర్వాత ఇంకా చాలా దేశాల్లో కనిపించింది. అంటే ఆకాశంనుంచి ఏదో పెద్ద రాయి భూమి మీద పడి, దాని దుమ్ము లోకమంతా కమ్మింది అన్నమాట.

మరి పడిన గుంట ఏది? 1991లో అది కూడా తేలింది. మెక్సికో దేశంలో, సగం నేల కింద, సగం సముద్రం కింద పూడిపోయి ఉంది. పేరు చిక్షులూబ్. గుంట వెడల్పు సుమారు 180 కిలోమీటర్లు. పడిన రాయి అడ్డంగా 10 కిలోమీటర్లు ఉండి ఉంటుంది. రాయి అంటున్నాం గానీ ఒక పెద్ద కొండే.

దెబ్బకు దగ్గర ఉన్నవి దగ్గరే చచ్చాయి. సముద్రం ఉప్పెనగా లేచింది. అడవులు తగలబడ్డాయి. కానీ దూరాన ఉన్నవి ఎందుకు చచ్చాయి? ఇక్కడ ఉంది అసలు సంగతి. వాటిని చంపింది రాయి కాదు, ఆకలి.

కరువు చూసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. దుమ్ము, మసి, గంధకం పొగ ఆకాశాన్ని కప్పేశాయి. నెలల తరబడి ఎండ లేదు. ఎండ లేకపోతే ఆకు పచ్చబడదు. చెట్లు వాడిపోయాయి. మేత లేక ఆకులు తినే పెద్ద జంతువులు కూలబడ్డాయి. వాటి కళేబరాలతో మాంసం తినేవాటికి కొన్నాళ్ళు గడిచింది. తర్వాత అవీ మాడిపోయాయి. పైగా ఏళ్ళ తరబడి గడ్డకట్టే చలి. మన కరువుకు పక్క జిల్లా ఉంటుంది, వలస పోవచ్చు. ఆ కరువు భూమి మొత్తానికి వచ్చింది. ఎటు పోతాయి?

ఆ రాయి పడింది వసంతకాలంలో. భూమికి ఉత్తరపు సగంలో అప్పుడు వసంతం. అమెరికాలో ఆరోజే చచ్చిన చేపలు శిలాజాలుగా దొరికాయి. చెట్టు మానులో ఏడాదికొక వలయం ఉన్నట్టే చేప ఎముకల్లోనూ వలయాలు ఉంటాయి. వాటిని చూసి 2022లో ఆ రుతువు చెప్పారు. చాలా జంతువులు గుడ్లు పెట్టే కాలం అది.

అదే కాలంలో మన దేశంలో ఇంకొక ఉపద్రవం నడుస్తోంది. అప్పటికి మన దేశం ఆసియాకు అతుక్కోలేదు. సముద్రం మధ్య విడిగా ఉంది. హిమాలయాలు లేవు. ఇప్పటి మహారాష్ట్ర వైపు నేల నెర్రెలు విచ్చి, లోపల కరిగిన రాయి పైకి పొంగి పారింది. దాన్ని లావా అంటారు. ఒకసారి కాదు. పొంగడం, ఆరడం, కొన్ని వేల ఏళ్ళకు మళ్ళీ పొంగడం. ఇట్లా లక్షల ఏళ్ళు సాగింది. పొర మీద పొర పడి, పడమటి కనుమల్లో రెండు కిలోమీటర్లు మించిన మందం పేరుకుంది. అజంతా, ఎల్లోరా గుహలు చెక్కింది ఆ రాతిలోనే. ఆ రాయి చివికితే నల్లరేగడి అవుతుంది. ఆదిలాబాదు వైపు పత్తి పండే నల్లనేలల్లో చాలా భాగం అట్లా వచ్చినవే. అయితే రాష్ట్రంలో ఉన్న నల్లనేల అంతా అదే అనుకోకండి. వేరే రాళ్ళనుంచి వచ్చిన నల్లనేలలూ ఉన్నాయి.

గోదావరి జిల్లాల వాళ్ళకు ఈ రాయి ఇంకా బాగా తెలుసు. రాజమండ్రి దగ్గర కాతేరులో, నదికి అవతల పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం క్వారీల్లో కొట్టే నల్ల కంకర ఇదే. ఆ లావా వెయ్యి కిలోమీటర్ల అవతల పడమటి దిక్కున పొంగి, నదీ లోయల వెంట పారుతూ అప్పటి సముద్రం ఒడ్డు దాకా వచ్చిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. భూమి మీద అంత దూరం పారిన లావా ఇంకొకటి తెలియదు. రెండు లావా పొరల మధ్య అక్కడ ఆల్చిప్పలూ నత్తగుల్లలూ దొరుకుతాయి. ఒక లావా ఆరి, ఇంకొకటి వచ్చేలోపు అక్కడ సముద్రపు జీవాలు కాపురం చేశాయన్నమాట. ఆ క్వారీల్లో కంకర కొట్టే చేతులకు తగిలేది రాక్షసి బల్లులు పోయిన కాలపు రాయి. తట్టకు ఇంత అని కూలి లెక్కపెట్టే తొందరలో రాయి వయసు ఎవరు అడుగుతారు!

లావాతో పాటు విషపు పొగలూ వచ్చాయి. ఒకసారి చలి, ఒకసారి వేడి పెరిగాయి. అందుకని జంతువులను చంపింది మన లావానే అని గెర్టా కెల్లర్ అనే శాస్త్రజ్ఞురాలు చాలా ఏళ్ళుగా వాదించారు. ఆమె ఆధారాల కోసం రాజమండ్రి రాళ్ళను కూడా పరీక్షించారు. ఎక్కువమంది శాస్త్రజ్ఞులు మాత్రం అసలు దెబ్బ మెక్సికోలో పడిన రాయిదే అంటున్నారు. వాళ్ళ మాటే సబబుగా తోస్తుంది. లావా నెమ్మదిగా లక్షల ఏళ్ళు పారింది. చావు మాత్రం ఒక్కసారిగా వచ్చింది. గుజరాత్, మధ్యప్రదేశ్‌లలో లావా కాలం దగ్గరపడే దాకా రాక్షసి బల్లులు గుడ్లు పెడుతూనే ఉన్నాయి.

ఆనాడు భూమి మీద ప్రతి నాలుగు రకాల జీవాల్లో మూడు రకాలు అంతరించాయి. మిగిలినవి ఎవరు? ఎక్కువగా చిన్నవి. బొరియల్లో దూరినవి. గింజలు, పురుగులు, కుళ్ళినది ఏది దొరికితే అది తిన్నవి. ఎలుక పాటి జంతువులు మిగిలాయి. పాలిచ్చే జంతువులన్నీ, మనమూ, అటువంటి వాటినుంచి వచ్చినవాళ్ళమే. నెలల తరబడి తిండి లేకుండా ఉండగల మొసళ్ళు, తాబేళ్ళు మిగిలాయి. కొన్ని పక్షులు మిగిలాయి.

ఈ పక్షులు ఎవరో కాదు, రాక్షసి బల్లులే. వాటిలో ఒక చిన్న శాఖ. 1996లో చైనాలో ఈకల వంటి నూగు ఉన్న రాక్షసి బల్లి శిలాజం బయటపడింది. తర్వాత ఈకలున్నవి చాలా దొరికాయి. చైనా దాకా ఎందుకు, మీ పెరట్లో కోడిని పట్టుకుని దాని కాలు చూడండి. పాము ఒంటి మీద ఉన్నట్టు పొలుసులు. ముందుకు మూడు వేళ్ళు, గోళ్ళు. మాంసం తినే రాక్షసి బల్లులు బురదలో వదిలిన అడుగులు కూడా ఇట్లాగే మూడు వేళ్ళతో ఉన్నాయి.

కోళ్ళు పెంచేవాళ్ళకు తెలుసు. పెట్టకు సున్నం చాలకపోతే పెంకు లేని మెత్తటి గుడ్డు పెడుతుంది. అందుకే గుల్ల పొడి వేస్తారు. పెట్ట గుడ్డుకు వచ్చే ముందు తన కాలి ఎముకలోపల కొంత సున్నం దాచుకుంటుంది. పుంజులో ఇది ఉండదు. 2005లో మేరీ ష్వైట్జర్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు టైరనోసారస్ అనే మాంసాహారి తొడ ఎముకను పగిలిన చోట పరీక్షించింది. 6 కోట్ల 80 లక్షల ఏళ్ళ నాటి ఎముక. దాని లోపల అటువంటి పొరే కనిపించింది. అది ఆడది, గుడ్లు పెట్టే రోజుల్లో చచ్చిపోయింది అని ఆమె చెప్పింది.