మాట వెనక మనసు చదవడం నేర్పే కొలువు

గ్లాసు పగలగొట్టిన కొడుకుతో ‘‘బాగా చేశావు నాయనా!’’ అంటుంది అమ్మ. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లలకు ఆ గొంతులోని కోపం తెలిసిపోతుంది. ఆటిజం ఉన్న పిల్లాడైతే మెచ్చుకుందనుకుని నవ్వొచ్చు. దాంతో మళ్లీ తిట్లు. వాడి నవ్వు పొగరు కానే కాదు. పదాలన్నీ వాడికి తెలుసు, అమ్మ మనసులో ఏముందో అందడమే కష్టం.

1985లో బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ అనే పరిశోధకులు ఒక బొమ్మలాటతో ఈ సంగతి పరీక్షించారు. శాలీ తన గోళీని బుట్టలో దాచి వెళ్లింది. ఆమె లేనప్పుడు ఆన్ దాన్ని పెట్టెలోకి మార్చింది. తిరిగొచ్చాక శాలీ ఎక్కడ వెతుకుతుంది? గోళీ మారిన సంగతి ఆమెకు తెలియదు కాబట్టి బుట్టలోనే వెతకాలి. కానీ ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది గోళీ నిజంగా ఉన్న చోటే చూపించారు. మాట వెనక అర్థం అందని ఇబ్బంది ఆటిజంలోనే కాదు. మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కలోసమ్ లేకుండా పుట్టినవారిలో కూడా, తెలివితేటలు మామూలుగా ఉన్నా, సామెతలూ జోకులూ అర్థం కాకపోవడం కనిపించింది.

ఇలాంటి పిల్లలకు తోడుండే నిపుణుల్లో స్పీచ్ లాంగ్వేజ్ పెథాలజిస్టులు ముఖ్యులు. ఈ వృత్తికి ఇంటర్ తర్వాత చదవాల్సిన డిగ్రీ కోర్సు బీఏఎస్‌ఎల్‌పీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. బైపీసీ వాళ్లకు దారి సులువు, ఎంపీసీ వాళ్లు కళాశాల నిబంధనలు చూసుకోవాలి. మైసూరులోని ఆయిష్ ఈ చదువుకు దేశంలోనే పేరున్న సంస్థ. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. బోధన వైపు మొగ్గు ఉంటే, అదే నగరంలోని మేధో వైకల్యాల సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో ప్రత్యేక విద్య కోర్సులు చదవొచ్చు. ఎక్కడ చేరినా ఆ కోర్సుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోండి. గుర్తింపు లేని కోర్సు చేస్తే ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు కాదు, చదివిన ఏళ్లన్నీ వృథా.

ఆసుపత్రులు, థెరపీ సెంటర్లు, జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో స్పీచ్ పెథాలజిస్టులకు పని ఉంటుంది.

తెలుగులో చదువుకున్నామని వెనకాడేవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ వృత్తిలో మీ తెలుగే మీ బలం. ‘కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి’, ‘గోడలకు చెవులుంటాయి’ అంటే పిల్లాడికి ఏం బోధపడిందో ఇంగ్లిష్ పరీక్షాపత్రం చెప్పదు. బొమ్మల కథ చూపించి ‘‘అత్త అలా ఎందుకంది?’’ అని వాడి ఇంటి యాసలో అడగాలి. తెలియనప్పుడు ‘‘అంటే ఏంటి?’’ అని అడిగే ధైర్యం వాడికి నేర్పాలి. సూటిగా మాట్లాడటం అమ్మానాన్నలకూ టీచర్లకూ అలవాటు చేయాలి. అర్థం చేసుకునే భారమంతా పిల్లాడి మీదే వేయడం న్యాయం కాదు. పనిలో ఫలితం నెలల తరబడి కనిపించకపోవచ్చు. అంత ఓపిక మీకుందా అన్నది ముందే తేల్చుకోవాలి. దరఖాస్తు పెట్టేలోపు మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వెళ్లి, అనుమతి తీసుకుని, ఓ పూట పిల్లల మధ్య కూర్చోండి.