పాత ల్యాప్‌టాప్‌లో మెయిల్ సర్వర్: ఏ లినక్స్ మేలు?

ప్రశ్న: 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను ఇంట్లో మెయిల్ సర్వర్‌గా వాడుకోవాలనుంది. ఆల్పైన్ లినక్స్ చాలా తేలికంటున్నారు. అదే వేసుకోమంటారా?

జవాబు: నా ఓటు డెబియన్‌కే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డెస్క్‌టాప్ టిక్కులన్నీ తీసేసి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఒక్కటి ఉంచండి, అదీ తేలికగానే ఉంటుంది. ఆల్పైన్ ఇంకా చిన్నదే, కాదనను. కానీ దాని ఒక్కో వెర్షన్‌కు భద్రతా సవరణలు సుమారు 2 ఏళ్లే వస్తాయి. డెబియన్‌కైతే ఎల్‌టీఎస్‌తో కలిపి 5 ఏళ్లు. ఉత్తరాలన్నీ దాచుకునే మెషీన్‌కు ఆ నిశ్చింత ముఖ్యం. మీది 32 బిట్ ప్రాసెసర్ కాదని మాత్రం చూసుకోండి. డెబియన్ 13కు ఆ ఇన్‌స్టాలర్ లేదు.

పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ 2 జీబీలో హాయిగా నడుస్తాయి. మెమరీని మింగేసేది క్లామ్‌ఏవీ. అదొక్కటే జీబీకి పైగా తీసుకుంటుంది, వదిలేయండి.

అసలు చిక్కు లినక్స్‌ది కాదు, 25వ పోర్టుది. ఇళ్ల కనెక్షన్లలో దాన్ని తరచూ మూసేస్తారు. ముందుగా టెల్‌నెట్‌తో జీమెయిల్ ఎంఎక్స్ సర్వర్‌ను ఆ పోర్టులో పలకరించండి. 220తో మొదలయ్యే వరస కనిపిస్తే దారి ఉన్నట్టే. అయినా స్టాటిక్ ఐపీ, దానికి మీ డొమైన్ పేరుతో పీటీఆర్ రికార్డు లేకపోతే మీ మెయిళ్లు స్పామ్‌లో పడొచ్చు, తిరిగి రావచ్చు. అవి దొరక్కపోతే, బయటికి పంపే మెయిళ్లకు 587వ పోర్టు మీదుగా రిలే సర్వీసు పెట్టుకోండి.