పాత కారు ఇంజను – జీర్ణోద్ధరణ

పాఠ్యభాగ పరిచయం: పాడైన వస్తువును బాగుచేయించాలా, తీసివేసి కొత్తది పెట్టాలా అనే ప్రశ్న ప్రతి ఇంటిలోనూ ఎదురయ్యేదే. ఒక పాత కారు ఇంజనును ఉదాహరణగా తీసుకొని, ఈ నిర్ణయానికి కావలసిన వివేకాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

శిథిలమైన ఆలయాన్ని తిరిగి నిలబెట్టడాన్ని మన పెద్దలు జీర్ణోద్ధరణ అన్నారు. కొత్త గుడి కట్టడం వేరు, పాత గుడిని ఉద్ధరించడం వేరు. ఏ రాయి నిలుస్తుందో, ఏ రాయి నిలవదో తెలిసినవాడే ఆ పనికి అర్హుడు. ఈ వివేకం రాతికి మాత్రమే కాదు, ఇనుముకు కూడా వర్తిస్తుంది.

కారు ఇంజనుకు ఆధారమైనది బ్లాకు అనే పెద్ద దిమ్మ. పాత కార్లలో ఇది పోత ఇనుముతో తయారయ్యేది. దీనిలోని గుండ్రని సిలిండర్లలో పిస్టన్లు పైకి, కిందికి కదులుతాయి. ఇంధనం మండే క్షణంలో అక్కడి వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వేడికి ఇనుము చెడకుండా సిలిండర్ల చుట్టూ నీరు ప్రవహించే ఖాళీలను పోతలోనే ఏర్పరుస్తారు. పోత ఇనుము ఒత్తిడిని, అరుగుదలను బాగా ఓర్చుకొంటుంది. కాని వంగే గుణం లేనిది కనుక పగులుతుంది.

ఇంగ్లండులో 1955 నుండి 1962 వరకు తయారైన ఎం.జి.ఏ. అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు లక్షకు పైగా అమ్ముడుపోయింది. అందులో మొదట అమర్చినది బి-సిరీస్ అనే నాలుగు సిలిండర్ల ఇంజను. దాని పరిమాణం 1489 ఘనపు సెంటీమీటర్లు. ఆ కుటుంబానికే చెందిన, అదే పరిమాణం గల ఇంజను బెంగాలులోని ఉత్తరపాడాలో తయారైన అంబాసిడర్ కారులో దశాబ్దాల పాటు పనిచేసింది. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్, ఒకప్పుడు కర్నూలు, కడప పట్టణాలలో కలెక్టరు కార్యాలయం మొదలుకొని పెళ్ళివారి విడిది దాకా కనిపించేది. పందెపు మైదానంలో పరుగెత్తిన కారుకు, మన ఊరి దుమ్ములో నడిచిన కారుకు గుండెకాయ ఒకే వంశానిదన్నమాట.

ఈ ఇంజనులకు రాయలసీమ కఠినమైన పరీక్ష పెట్టింది. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు పోయే దారి సుమారు రెండువందల కిలోమీటర్లు. వేసవిలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పైగా ఇది సున్నపురాతి నేల. కడప బండలు పుట్టిన గడ్డ. ఇక్కడి బావినీటిలో చాలాచోట్ల సున్నపు లవణాలు అధికం. నీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పొర పేరుకొన్నట్లే, ఆ నీరు పోసిన ఇంజను లోపలి దారులలోనూ పొర పేరుకొంటుంది. అది వేడిని నీటికి చేరనీయదు. ఇంజను కాగిపోతుంది, రేడియేటరులోని నీరు ఆవిరై పోతుంది. అప్పుడు తొందరపడి చల్లని నీరు గుమ్మరిస్తే, కాగిన ఇనుము ఒక్కసారిగా ముడుచుకొని పగులుతుంది. ఇంజనును ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, ఆ తరువాతనే మూత తీయడం శ్రేయస్కరం.

బ్లాకు పగిలిందన్న అనుమానం కలిగితే చేయవలసిన మొదటి పని నిదానం. తెలుగులో ఈ మాటకు తొందరలేమి అని అర్థం. ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించడమని అర్థం. ఇక్కడ రెండూ అవసరమే. నూనె పాలమీగడ వలె తెల్లబారడం, నీరు తరచుగా తగ్గిపోవడం, పొగ తెల్లగా రావడం పగులుకు గుర్తులు. కాని బ్లాకుకు, పై మూతకు నడుమ ఉండే గ్యాస్కెట్ చెడినా ఇవే గుర్తులు కనిపిస్తాయి. కొద్దిపాటి ఖర్చుతో పోయే జబ్బుకు దిమ్మనే పారవేసినవారున్నారు. అందువలన ఇంజనును విప్పి, శుభ్రపరచి, నీటి దారులను బిగించి, లోపలికి గాలిని ఒత్తిడితో పంపి, వేడినీటిలో ముంచి చూడాలి. బుడగలు వచ్చిన చోటే పగులున్న చోటు.

సిలిండరు గోడలు అరిగితే చింతించవలసిన పని లేదు. బోరు చేయించి, కొంచెం పెద్ద పిస్టన్లు వేస్తారు. ఆ అవకాశమూ తీరిపోతే గోడ లోపల కొత్త ఇనుప గొట్టాన్ని బిగిస్తారు. దీనిని లైనరు లేక స్లీవ్ అంటారు. నీటి దారి వెలుపలి గోడకు పగులు వస్తే కుట్టు వేయవచ్చు. పగులు పొడవునా రంధ్రాలు తొలిచి, మరలున్న మేకులను ఒకదానిపై ఒకటి కొంత ఎక్కేటట్లు బిగిస్తారు. ఇందులో నిప్పుతో పని లేదు. వెల్డింగు చేయాలంటే మాత్రం దిమ్మనంతా మెల్లగా వేడిచేసి, పని ముగిశాక మెల్లగానే చల్లార్చాలి. లేకపోతే అతుకు పక్కనే మరొక పగులు పుడుతుంది.

బాగుచేతకూ హద్దు ఉన్నది. క్రాంక్ షాఫ్టును మోసే అడుగు గోడలు పగిలినా, కనెక్టింగ్ రాడ్డు విరిగి దిమ్మను చీల్చుకొని బయటికి వచ్చినా, సాధారణంగా మార్చడమే క్షేమం. పాతదానిపై మమకారంతో ప్రాణాలను పణం పెట్టరాదు. అయితే ఒకే వంశపు ఇంజనులు కదా అని ఒకదాని దిమ్మను కొలతలు చూడకుండా మరొకదానిలో అమర్చరాదు.

దిమ్మ మారితే దానిపై చెక్కిన సంఖ్య కూడా మారుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఇంజను మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించాలి. 2021లో వెలువడిన కేంద్ర నియమాలు యాభై ఏళ్లు నిండిన పాత వాహనాలకు ప్రత్యేక నమోదును కల్పించాయి. కాని అవి అసలు రూపంలోనే నిలిచి ఉండాలన్నాయి. కనుక సంఖ్య గల పాత దిమ్మను పాత ఇనుము కింద అమ్మివేయక భద్రపరచడం మేలు. నేడు సాధ్యం కాని మరమ్మతు రేపు సాధ్యం కావచ్చు.

కృష్ణా తుంగభద్రల సంగమం వద్ద కూడవెల్లిలో సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం జలాశయంలో అది మునుగుతుందని తెలిసినప్పుడు, దానిని రాయి రాయిగా విప్పి, కర్నూలుకు సమీపంలోని అలంపురంలో తిరిగి నిలబెట్టారు. స్థలాన్ని వదలక తప్పలేదు; శిల్పాన్ని వదలలేదు. ఏది విడువక తప్పదో, ఏది విడువరాదో ముందుగా తేల్చుకోవడమే జీర్ణోద్ధరణలోని ధర్మం. ఎండిన నేలపై బ్రతుకు నేర్చినవారికి ఇది కొత్త పాఠం కాదు. ఇనుప దిమ్మ ముందు నిలిచిన మెకానిక్ కూడా పాటించవలసినది ఆ ధర్మాన్నే.

అభ్యాసం

1. రాయలసీమ వాతావరణం, నీరు ఇంజనుపై చూపే ప్రభావాన్ని వివరించండి.
2. 'నిదానం' అనే మాటకు గల రెండర్థాలు ఈ పాఠంలో ఎట్లా సమన్వయమైనవో తెలపండి.
3. ఏ సందర్భాలలో బ్లాకును బాగుచేయించవచ్చు? ఎప్పుడు మార్చాలి?
4. మీ ఇంటిలోని ఒక పాత వస్తువును గురించి, దానిని ఉంచాలా, మార్చాలా అన్న నిర్ణయాన్ని కారణాలతో రాయండి.