కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతే

కంప్యూటర్ దానంతటదే ఆగిపోతే చాలామంది వైరస్ అనుకుని ఫార్మాట్ చేయిస్తారు. ఫైళ్లు పోతాయి, జబ్బు అలాగే ఉంటుంది. తమ్ముళ్లూ, ముందు అది ఎప్పుడు ఆగుతోందో గమనించండి. 10, 20 నిమిషాలు నడిచి ఆగి, చల్లారాక మళ్లీ నడిస్తే అది వేడి వల్లనే. ప్రాసెసర్ కాలిపోకుండా మదర్‌బోర్డే కరెంటు ఆపేస్తుంది. మన ఆర్మూర్‌లో పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ముల్లో పాలిష్ పట్టే రోజుల్లో దుమ్ముకు కొదవా? అదంతా ఫ్యాను కింద హీట్‌సింక్ రెక్కల మధ్య అట్టకడుతుంది. ప్లగ్గు తీసి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని బ్రష్షుతో దులపండి. తడిబట్ట వద్దు. అయినా ఆగుతుంటే థర్మల్ పేస్టు ఎండిపోయిందేమో చూడాలి. కరెంటు హెచ్చుతగ్గులప్పుడే ఆగితే యూపీఎస్ బ్యాటరీనో, ఎస్ఎంపీఎస్‌నో అనుమానించాలి. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా దాని కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచే ఉంటుంది.