స్వారీ గుర్రాలలో పొట్టపట్టీ పుండ్లు: కారణాలు, నివారణ

సికింద్రాబాద్ 1806లో సైనిక కంటోన్మెంటుగా ఏర్పడింది. రెజిమెంటల్ బజార్ పేరు నేటికీ ఆనాటి పటాలాలను గుర్తు చేస్తుంది. అశ్వికదళాల కాలం ముగిసినా, జంటనగరాల్లో గుర్రాలు స్వారీ శిక్షణకు, పెళ్లి ఊరేగింపులకు ఉపయోగపడుతూనే ఉన్నాయి. జీనును పొట్ట కింద బిగించే పట్టీని ఉర్దూలో తంగ్ అంటారు. ఈ పట్టీ ఒరిపిడి వలన ఏర్పడే పుండ్లు చాలావరకు నివారింపదగినవే.

పుండు ఏర్పడే విధానం

మోచేతి కీలు వెనుక చర్మం పలుచగా, వదులుగా, ముడతలుగా ఉంటుంది. పట్టీ కింద చెమట నిలిచి చర్మాన్ని మెత్తబరుస్తుంది. ఆరిన చెమట ఉప్పు, దుమ్ము కలిసి గరుకు కాగితంవలె రాపిడి కలిగిస్తాయి. పట్టీ అతిగా బిగిస్తే రక్తప్రసరణ తగ్గుతుంది. వదులైతే జీను కదిలి ఒరిపిడి పెరుగుతుంది. చాలాకాలం విశ్రాంతి తరువాత పనిలోకి వచ్చిన గుర్రాలకు, బాగా చిక్కిన లేదా బలిసిన గుర్రాలకు ముప్పు అధికం.

తొలి లక్షణాలు

వెంట్రుకలు చెదరడం లేదా విరగడం, ఆ చోట వేడి, వాపు కనిపిస్తాయి. పట్టీ బిగించేటప్పుడు గుర్రం చెవులు వెనుకకు వాల్చడం, కరవబోవడం మొండితనం కాదు, నొప్పికి సూచన కావచ్చు. గుండ్రటి మచ్చలుగా వెంట్రుకలు రాలితే తామరగా అనుమానించి పశువైద్యునికి చూపాలి.

నివారణ

జీను వేసే ముందు వీపు, పొట్టభాగాన్ని మాలీసు చేసి దుమ్ము, ఎండిన చెమట తొలగించాలి. పట్టీని మోచేతి కీలుకు సుమారు నాలుగు వేళ్ల వెనుక ఉంచి, ఒక్కసారిగా కాక దశలవారీగా బిగించాలి. తరువాత ముందుకాళ్లను ఒక్కొక్కటిగా ముందుకు చాచితే చర్మపు ముడతలు విడిపోతాయి. కొద్ది నిమిషాలు నడిపించి బిగువును మళ్లీ పరీక్షించాలి. పని ముగియగానే చెమటను కడిగి ఆరబెట్టాలి. పట్టీని సబ్బు మిగలకుండా ఉతికి, పూర్తిగా ఆరిన తరువాతే వాడాలి. ఒక గుర్రపు పట్టీని మరొకదానికి వాడితే తామర వ్యాపిస్తుంది.

పుండు పడినప్పుడు

మొదటి చికిత్స విశ్రాంతి. చర్మం పూర్తిగా మానేవరకు జీను వేయరాదు. మెత్తటి గుడ్డ అడ్డుపెట్టి పని చేయించినా ఒరిపిడి ఆగదు. లీటరు మరిగించి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి కడగాలి. కిరోసిన్, వాడిన ఇంజిన్ నూనె పూయరాదు. ఈగలు వాలకుండా చూడాలి. గుర్రాలకు ధనుర్వాతం ముప్పు ఎక్కువ కనుక టీకా విషయమై పశువైద్యుని సంప్రదించాలి. లోతైన గాయం మానిన చోట తెల్ల వెంట్రుకలు మొలిచి శాశ్వతంగా నిలిచిపోవచ్చు.

విస్తరణ కార్యకర్తలకు

పెళ్లిళ్ల కాలంలో ఒక్కరోజు విశ్రాంతి కూడా యజమానికి ఆదాయ నష్టమే. అందుచేతనే పుండును దాచి పని చేయించడం జరుగుతుంది. పుండు కారణంగా పనికి తగని జంతువును పనిలో పెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం శిక్షార్హం. అయితే చట్టాన్ని చెప్పి ఊరుకోక, వెంట్రుకలు చెదిరిన దశలోనే ఇచ్చే స్వల్ప విశ్రాంతి తరువాతి వారాల ఆదాయాన్ని కాపాడుతుందని వివరించాలి. రోజూ జీను దించగానే పట్టీ కింద అరచేతితో తడిమి చూడటం యజమానికి అలవాటు చేయగలిగితే, గాయం ముదరకముందే బయటపడుతుంది.