పత్తిలో ఎర్రనల్లిని చంపే బూజు తెగులు



నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతములలో పత్తి చాలవరకు వర్షాధారముననే పండుచున్నది. వానలు వెనుకబడి బెట్ట తగిలినప్పుడు ఆకుల అడుగున ఎర్రనల్లి పెరుగును. ఇది సాలెపురుగు జాతికి చెందిన, ఎనిమిది కాళ్ళుగల మిక్కిలి చిన్న జీవి. సన్నని గూడు అల్లి ఆకు రసమును పీల్చును. మొదట ఆకుపై తెల్లని చుక్కలు కనిపించును. ఉధృతమైనచో ఆకులు ఎర్రబారి, ఎండి రాలిపోవును.

నల్లికి కూడ తెగులు గలదు

పైరులకు, పశువులకు వలెనే నల్లికి కూడ తెగుళ్ళు వచ్చును. వానిలో ముఖ్యమైనది నియోజైజిటిస్ అను బూజు. అమెరికాలోని అలబామా రాష్ట్రపు పత్తి చేలలో దీనిని 1960 దశకములో పరిశీలించిరి. మన దేశములో ఎర్రనల్లిపై ఇట్టి బూజు ఉన్నట్లు 1971లో వెల్లడియైనది.

ఈ బూజు బీజములు జిగురుగా ఉండి, ఆకుపై నడచు నల్లికి అంటుకొనును. అవి మొలకెత్తి లోపలికి చొచ్చి శరీరమంతయు నిండును. కొద్ది రోజులలో నల్లి ఉబ్బి, చచ్చి, గోధుమరంగుకు తిరిగి ఎండును. రాత్రి గాలిలో తేమ నిండుగా ఉన్నప్పుడు ఆ కళేబరము నుండి కొత్త బీజములు చుట్టును చిమ్మబడును. ఇట్లు ఒక నల్లి నుండి పది నల్లులకు తెగులు ప్రాకును.

దీనికి హద్దు ఎక్కడ?

నల్లికి బెట్ట మేలు, బూజునకు తేమ మేలు. కనుక ముసురు పట్టినప్పుడు, మంచు కురియునప్పుడు బూజు బాగుగా పనిచేయును. ఎండు గాలులు వీచు దినములలో దానినే నమ్ముకొని కూర్చుండరాదు.

ఈ బూజును పెంచుట కష్టము. అందుచే ఇది అంగడిలో దొరకదు. అంగడిలో దొరకు బవేరియా పొడి వేరొక బూజు. చేనిలో తానుగా వచ్చిన దానిని కాపాడుకొనుటయే మన పని.

మీరు చేయవలసినవి

1. వారమునకొకసారి చేనిలో అయిదారు చోట్ల ఆకులను త్రిప్పి భూతద్దముతో చూడవలెను. గోధుమరంగుతో ఉబ్బి, ఆకుకు అంటుకొనియున్న నల్లులు తెగులు సోకినవి కావచ్చును. తెల్లని ఖాళీ పొరలు మాత్రము కుబుసములు; వానిని చూచి మోసపోరాదు.

2. చచ్చిన నల్లులు ఎక్కువగా ఉండి, గాలిలో తేమ యున్నచో మందు చల్లక రెండు మూడు దినములు ఆగి మరల చూడవలెను.

3. తెగులు లేని చేనిలో అలవాటు చొప్పున మాంకోజెబ్ వంటి శిలీంధ్రనాశినులు చల్లరాదు. అవి ఈ బూజును కూడ చంపగలవు.

4. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు పదేపదే చల్లినచో నల్లిని తిను మిత్ర జీవులు నశించి, నల్లి మరింత పెరుగును.

5. బెట్ట సాగుచు బ్రతికిన నల్లులు పై ఆకులకు ఎగబ్రాకుచున్నచో ఆలస్యము చేయరాదు. లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకము కలిపి ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లవలెను. గంధకము బూజునకు కూడ హానియే. కనుక అవసరమైన చోటనే వాడవలెను. మిట్టమధ్యాహ్నపు ఎండలో చల్లరాదు.

అనుమానము కలిగినచో తెగులు సోకిన ఆకులను కాగితపు సంచిలో ఉంచి, పాలెం పరిశోధనా స్థానమునకు గాని, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని తీసికొనిపోయి చూపుడు. ఆకు త్రిప్పి చూచుటకు కాసింత ఓపిక చాలును. చూడక చల్లిన మందుకు సొమ్మును, చేనిలోని మిత్రుడును రెండును పోవును.